పుట్టగొడుగులకి మూడో గిన్నె

పెళ్ళయి నిడదవోలు దగ్గర అత్తవారింటికి వచ్చేనాటికి నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. తొంభైల చివరి మాట. నాకో జబ్బుంది, తెలిసింది కడుపులో దాచుకోలేను.

ఆ వానాకాలం మా గడ్డిమేటు పక్కన పుట్టగొడుగులు విరగబడి లేచాయి. అత్తగారు అల్లం, ధనియాలు దట్టించి కూర చేశారు. ఆవిడ నీచు మానేసి అప్పటికి ఆరేళ్ళు. మామగారికి గుండె ఆపరేషన్ అయినప్పుడు, ఈయన్ని నిలబెడితే మళ్ళీ నీచు ముట్టనని ద్రాక్షారామం భీమేశ్వరుడికి మొక్కుకున్నారట. చేపల పులుసంటే ప్రాణం పెట్టే మనిషి. అప్పట్నుంచీ ఆ లోటు తీర్చేది ఈ కూరొక్కటే.

ఆవిడ రెండో ముద్ద కలుపుతుంటే నా నోరు ఊరుకోలేదు.

"ఇది మొక్క కాదండీ అత్తయ్యగారూ. దీని కణాల గోడల్లో ఉండే కైటినూ, రొయ్య పెంకులో ఉండేదీ ఒకటే" అన్నాను, క్లాసులో చెప్పినంత హుషారుగా.

"రొయ్యా?" అన్నారావిడ. మొహంలో కోపం లేదు, భయం ఉంది. "అయితే ఆరేళ్ళుగా మొక్కు తప్పుతున్నానా?"

"ఆరేళ్ళుగా తింటున్నావు, నేను గుండ్రాయిలా ఉన్నాను కదే!" అని మామగారు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. లేచి చెయ్యి కడిగేసుకున్నారు. నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

మూడు రోజులు ఆవిడ గడ్డిమేటు వైపు చూడలేదు. పక్కింటివాళ్ళు వచ్చి కోసుకుపోయారు. నాకు అదింకా మంట.

నాలుగోరోజు పుస్తకం పట్టుకుని వంటింట్లో చతికిలబడ్డాను. "పూర్వం ప్రాణులన్నిటినీ మొక్కలు, జంతువులు అని రెండు కుప్పలు పోశారండి. ఇది కదలదని మొక్కల్లో వేసేశారు. తీరా చూస్తే ఇది మొక్కలా తన తిండి తాను తయారు చేసుకోదు, జంతువులా మింగదు. కుళ్ళిన గడ్డిలోంచి పీల్చుకుంటుంది. అందుకని వేరే కుప్ప పెట్టారు."

ఆవిడ ప్లీడరులా మొదలుపెట్టారు. "నెత్తురుంటుందా?"

"ఉండదండి."

"కోస్తే నొప్పి?"

"నరాలే లేవండి."

"మరి ఆ రొయ్య పెంకు?"

"ఒక్క పోలిక చూసి ఫలానాదని తేల్చకూడదండి. అన్నీ చూడాలి. ఆ రోజు నేను చేసిన తప్పదే."

"ఆ మాట ఆ రోజే చెబితే పోయేది కదమ్మా. మూడు రాత్రులు నిద్ర లేదు నాకు" అన్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మా ఇంట్లో నీచు వండే గిన్నెలు వేరు, మామూలు గిన్నెలు వేరు. మర్నాడు స్టీలు సామాన్లవాడు వస్తే, ఆవిడ రెండు పాత చీరలిచ్చి ఓ చిన్న గిన్నె తీసుకున్నారు. "ఇది అటూ కాదు, ఇటూ కాదు. పుట్టగొడుగులకి" అన్నారు. శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్ళు కొట్టుకున్న తగువు ఆవిడ వాకిట్లో నిలబడి తీర్చేశారు.

మళ్ళీ వాన పడింది. కొత్త గిన్నెలో కూర ఉడికింది. ఆవిడ మారు వడ్డించుకుంటుంటే నాకు మళ్ళీ ఏదో చెప్పాలనిపించి నోరు తెరిచాను.

"తిననివ్వు తల్లీ!" అన్నారు.

నోరు మూసుకున్నాను. ఆవిడ కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఊఁ, ఇప్పుడు చెప్పు."