తలంటుకు ముందు రాయించిన కండిషనర్

మా వీధిలో ఎవరి తలకు ఏం రాయాలో తీర్పు చెప్పే పెద్దమనిషిని నేనే. ఆ పదవి నాకెవరూ ఇవ్వలేదు. మాచర్ల పక్కన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. రాయినే నున్నగా చేయించేవాడికి జుట్టు ఒక లెక్కా అనుకునే రకం.

మా బోరు నీళ్లు ఆరితే బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది, గోకితే సున్నంలా రాలుతుంది. ఆ నీళ్లతో తలంటుకుంటే జుట్టు కొబ్బరిపీచే. మా ఆవిడ దువ్వెన సగంలోనే ఆగిపోయేది. ఎదురింటామె తన ముందుగదిలో చిన్న బ్యూటీ పార్లర్ నడిపేది. నన్ను అన్నయ్యా అని పిలిచేది. భర్త లారీ మీద పోతే ఎప్పటికి వస్తాడో తెలియదు, ఆ గదిలో వచ్చేదానితోనే ఇల్లు గడిచేది. ఆమె దగ్గర మా ఆవిడ ఒక కండిషనర్ సీసా కొనుక్కొచ్చింది.

"తలంటుకున్నాక కొసలకి రాసి కడిగేయమంది" అంది.

"కడిగేసేదానికి రాయడం దేనికే? మా అమ్మ నూనె ముందు పెట్టేదా, తరవాత పెట్టేదా? మాడుకి బాగా పట్టించి, నాననిచ్చి, అప్పుడు కుంకుడుకాయతో రుద్దు."

"నీ నెత్తిన నాలుగు వెంట్రుకలున్నయ్, నువ్వు నాకు చెప్తన్నావా?"

అంది గానీ, మా అమ్మ పేరు ఎత్తాను కాబట్టి అలాగే చేసింది. కొన్ని ఆదివారాలు గడిచాయి. జుట్టు పీచు పీచుగానే ఉంది, పైగా మాడు దురద. తప్పు సీసాదేనని తేల్చేశాను, నేను గెలిచాను. గెలిచినవాడు ఇంట్లో కూర్చోడు గదా. పొద్దున్నే పాలకేంద్రం దగ్గర, క్యాన్లు పట్టుకుని నిలబడ్డ ఆడా మగా అందరి ముందూ ప్రకటించాను: "ఆ పార్లర్ సీసాలో ఉండేదంతా విషం. నాలుగుసార్లు రాస్తే బోడిగుండే." అందరూ నవ్వారు. నవ్విన ఆడవాళ్లు ఆ గుమ్మం తొక్కడం మానేశారు. ఎండాకాలం దాటకముందే ఆమె బోర్డు దించి నీళ్ల డ్రమ్ము మీద మూతగా వేసుకుంది.

ఒకరోజు వీధిలో ఆపి అడిగింది: "అన్నయ్యా, ఆ సీసా ఎనకాల ఏం రాసుందో ఒక్కసారన్నా చదివావా?"

చదవలేదు. ఆ మాట గుచ్చుకుని, విషాన్ని బయటపెడదామనే పంతంతో సీసా, కళ్లజోడు, ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను.

ముందువైపు బాదంకాయల బొమ్మ, గాలికి ఎగిరే జుట్టు. వెనకవైపు చీమలు కూడా చదవలేనంత చిన్న అక్షరాలు. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర రాస్తారట. మొదటిది నీళ్లు. సీసాలో ముప్పాతిక భాగం పైనే నీళ్లు అమ్ముకుంటూ ముందు బాదం బొమ్మ వేస్తారు! ఆ బాదం నూనె ఎక్కడుందయ్యా అంటే సెంటు తరవాత, చిట్టచివర. పెళ్లిభోజనంలో మూల కూర్చున్న దూరపు చుట్టంలా. ఇంతవరకూ నా వెక్కిరింపు సరిగ్గానే నడిచింది.

నీళ్ల తరవాత సీటైల్ ఆల్కహాల్. దొరికార్రా అని ఎగిరాను. తీరా ఫోన్‌లో వెతికితే అది సారా కాదు, మైనంలాంటి ముద్ద, జుట్టును మెత్తబరుస్తుందట. దాని పక్కన బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్. పేరు పలకడానికి రెండు గుటకలు మింగాలి. అసలు పని దానిదే. కడిగిన తడి జుట్టును వెతుక్కుని అతుక్కుంటుంది. నీళ్లు పోసినా పలచటి పొర మిగులుతుంది, దువ్వెన జారుతుంది. జుట్టుకు పోసే పాలిష్ అన్నమాట. దాన్ని మాడుకు రుద్దితే జిడ్డు పేరుకుని కొందరికి దురద. కుంకుడు రసం పోస్తే ఉన్న పొర కాస్తా కాలవపాలు.

పాలిష్ చేసిన రాయిని మళ్లీ గరుకు చక్రం కింద పెట్టే కూలీని నేను ఫ్యాక్టరీలో తిట్టేవాణ్ణి. ఇంట్లో నేను చేయించింది అదే. కంపెనీవాడు బాదం పేరుతో చేసిన మోసం కొంతే. నేను అమ్మ పేరుతో అంతకన్నా పెద్దదే చేశాను.

మా ఆవిడ ఆ ఆదివారం ఎదురింటామె చెప్పినట్టు రాసుకుంది. దువ్వెన కొస దాకా దిగింది. దువ్వెనను నా ముందు బల్ల మీద పెట్టి వెళ్లింది.

నేను రోడ్డు దాటి ఎదురింటికి వెళ్లి తప్పయిందమ్మా అన్నాను. పార్లర్ మూతపడ్డాక ఆమె కుట్టుపని మొదలుపెట్టింది, మిషన్ మీంచి తలెత్తలేదు.

"నాకు చెప్తే ఏముంది అన్నయ్యా. పాలకేంద్రం కాడ చెప్పు."

చెప్పాను. నీళ్లు, మైనం, పాలిష్, బాదం నూనె, అన్నీ. నాకెప్పుడూ అంత చెమట పట్టలేదు.

"ఏంది బావా, కమీషన్ ఏమన్నా ఇస్తందా ఆమె?" అన్నారొకరు.

"నిన్న విషమన్నాడు, ఇయ్యాల అమృతమంటన్నాడు. రేపు తాగమంటాడేమో!" అంది మా వెనక వీధి అత్త. అందరూ మళ్లీ నవ్వారు. విషం అన్నప్పుడు ఒక్కరు కూడా నన్ను రుజువు అడగలేదు.

తరవాతి ఆదివారం మా డాబా మీంచి చూశాను. అందరికంటే గట్టిగా నవ్విన ఆ అత్తే తడి తలకు తువ్వాలు చుట్టుకుని పార్లర్ ఇంటికి వస్తోంది. వీధిలోంచి కాదు, దొడ్డిదారిన. బోర్డు ఇంకా డ్రమ్ము మీదే ఉంది. ముందు గుమ్మం మూయించింది నేనే కాబట్టి, తెరిచేదాకా పాలకేంద్రం దగ్గర నవ్వులపాలు కావడం నా పని. రోజూ పొద్దున్నే వెళ్తున్నాను.