తలుపు మీద తువ్వాల

ముందే ఒక మాట చెప్పుకుంటాను. నేను చదివింది నాలుగో తరగతి. అదీ పూర్తిగా కాదు, పరీక్షల ముందే మా అమ్మ కోతలకు తీసుకుపోయింది. ఒత్తులు, దీర్ఘాలు నాకు సరిగా రావు. ఒక మాట రాయడం, తప్పేమోనని కొట్టేయడం, మళ్ళీ అదే రాయడం, ఇట్లా నడుస్తోంది. పెద్ద చదువులు చదివినవాళ్ళు చూస్తారంటే సిగ్గుగా ఉంది. అయినా ఈ సంగతి నేను కాకపోతే రాసేవాళ్ళు లేరు. అందుకే కూర్చున్నాను.

మాది కమాన్‌పూర్ దగ్గర పల్లె. పెళ్ళయిన ఏడాదే మా ఆయనకు గోదావరిఖనిలో బాయి పని దొరికింది. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. ఎరువుల ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులవి. మాకొక క్వార్టరు ఇచ్చారు. ఒకే వరుసలో ఎనిమిది ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. పక్కింట్లో దగ్గితే మనింట్లో దగ్గినట్టే ఉండేది. పొద్దున్నే ఎనిమిది ఇళ్ళ ముందు ఎనిమిది బొగ్గు పొయ్యిలు పొగ చిమ్మేవి. పొగంతా పోయి నిప్పు ఎర్రగా అయ్యాకే పొయ్యిని లోపలికి తీసుకుపోవాలి. అంతసేపూ ఆడవాళ్ళం కళ్ళు తుడుచుకుంటూ బయటే ఉండేవాళ్ళం. ఆ పొగ వాసన ఇప్పుడు ఎక్కడైనా తగిలితే నాకు మళ్ళీ ఇరవై ఏళ్ళు వచ్చేస్తాయి.

మా వరుసలో ఒక కట్టుబాటు ఉండేది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మగమనిషి పగలు నిద్రపోవాలి కదా. ఆయన పడుకున్నాడని తెలియడానికి ఆ ఇంటామె ఆయన తువ్వాలను తలుపు బయట గొళ్ళానికి కట్టేది. తువ్వాల కనపడితే ఆ తలుపు ఎవరూ కొట్టరు. ఆ ఇంటి ముందు కారం దంచరు. పిల్లల్ని అవతలికి తోలేస్తారు. ఒకసారి నల్లా దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు జుట్లు పట్టుకున్నారు. అంతలో తువ్వాల కనపడింది. జుట్లు వదల్లేదు కానీ గొంతులు తగ్గించి, చెవిలో రహస్యం చెప్పుకున్నట్టు తిట్టుకున్నారు. మేమంతా కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. నిద్ర చాలక బాయిలో ఏమరుపాటైతే మనిషి తిరిగి రాడని అందరికీ తెలుసు. అందుకే ఆ తువ్వాలకు అంత మర్యాద.

మా పక్కింటి అక్క వాళ్ళు మందమర్రి నుంచి వచ్చారు. నాకంటే పదేళ్ళు పెద్దది. బొగ్గు పొయ్యి అంటించడం నాకు నేర్పింది ఆమే. మంచి మనిషి, కానీ మాట మొదలుపెడితే ఆపదు. వాళ్ళాయన డ్యూటీకి పోగానే మా గడప మీద కూర్చునేది. వాళ్ళ అవ్వ, అంటే వాళ్ళమ్మ, ముచ్చట లేని రోజు ఉండేది కాదు.

"నేనేం మాట్లాడుతనే చెల్లే, మా అవ్వ మాట్లాడుడు జూడాలె నువ్వు. ఇసుర్రాయి తిప్పుకుంటనే మాట్లాడుతది. పిండి అయిపోతది గని ముచ్చట గాదు."

నేను "ఊ" అంటూ లోపల చికాకు పడేదాన్ని. మా ఊళ్ళో చేలో ఒక్కదాన్నే ఉండడం అలవాటైన మనిషిని. ఆమె ఎప్పుడు లేస్తుందా అని చూసేదాన్ని.

ఒక సోమవారం తువ్వాల విప్పడం మరిచిపోయాను. ఆ వారం మా ఆయనకు మొదటి షిఫ్టు, పొద్దున ఏడు నుంచి మూడింటి దాకా. ఆయన బాయి దూరం కాబట్టి ఎవరూ లేవకముందే సైకిల్ మీద పోయేవాడు. మసితో వచ్చే మగవాళ్ళంతా వెనక తలుపు నుంచే వచ్చి స్నానం చేసేవాళ్ళు, ఆయనా అంతే. దాంతో వరుసవాళ్ళు ఆయన లోపల పడుకున్నాడనే అనుకున్నారు. ఆ పగలంతా ఎవరూ రాలేదు. ఖాళీ ఇంట్లో నేల మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూశాను. అంత సుఖం నాకు అంతకుముందు తెలియదు.

మంగళవారం మరిచిపోలేదు. కావాలనే కట్టాను.

తర్వాత అదే అలవాటైంది. ఒకరోజు పొయ్యిల దగ్గర అక్క అడిగింది.

"ఏందే, నెలంత నైట్ డ్యూటీయేనా? డ్యూటీలేసే ఆ సర్దారుకు మీ ఆయన మీద ఏం పగ?"

"వేరేటోళ్ళ డ్యూటీ గూడ జేస్తుండక్కా."

"మనిషి పాడైతడే! ఆగు, మేక కాళ్ళ చారు వెట్టిన, తెస్త. లేశినంక తాపియ్యి."

ఆ చారు నేనూ మా ఆయనా కలిసి తాగాం. ఎందుకిచ్చిందని ఆయన అడిగితే "ఊకెనే" అన్నాను. చారు రుచిగా ఉంది. గిన్నె తోమి, అక్క లేనప్పుడు చూసి వాళ్ళ గడప మీద పెట్టి వచ్చాను. అయినా మర్నాడు మళ్ళీ తువ్వాల కట్టాను.

ఎండాకాలం వచ్చింది. రామగుండం ఎండ సంగతి అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. ఒకరోజు పదకొండు గంటలప్పుడు మా తలుపు ముందు గాజుల చప్పుడైంది. తర్వాత దగ్గు. అక్కే. గోడ వారనున్న జానెడు నీడలో కూర్చుంది. మా ఆయన లేస్తే ముచ్చట్లకు కాచుకుని ఉందనుకున్నాను. గిన్నె చప్పుడు కాకుండా మెల్లగా దించి చాప మీద పడుకున్నాను. ఆమె కొంగుతో విసురుకునే చప్పుడు కూడా వినపడుతూనే ఉంది. నాలుగు గంటలు ఆమె బయట, నేను లోపల.

మూడు గంటల సైరన్ మోగాక తలుపు తీశాను.

"లేశిండా మీ ఆయన?" అని అక్క లేచి నిలబడింది. ముఖం కందిపోయింది. "గీ కార్డు సదువు చెల్లే. మా అన్నదని పోస్టాయన ఇచ్చి ఉరికిండు. నల్ల గీత లేదు గదా అని కూసున్న. పండుకున్న మనిషిని లేపుడెందుకు?"

చావు కబురైతే కార్డు అంచుకు నల్లగా గీసేవాళ్ళు. దీనికి లేదు. చదువు వచ్చిన మగవాళ్ళు డ్యూటీలో ఉన్నారు. బడి పిల్లలు సెలవులకు ఊళ్ళకు పోయారు. ఆడవాళ్ళలో చదవగలిగేది నేనొక్కదాన్నే.

కార్డులో మూడే వాక్యాలున్నాయి. "అమ్మకు చాలా బాగాలేదు. నిన్నే అడుగుతోంది. ఇది అందగానే బండెక్కి రా."

మందమర్రి వైపు పోయే మధ్యాహ్నం ప్యాసింజరు అప్పటికే వెళ్ళిపోయింది. మళ్ళీ మర్నాడు పొద్దున్నే బండి.

అక్క పదిహేను రోజుల తర్వాత తిరిగి వచ్చింది. వరుసంతా వాళ్ళింటి ముందు చేరింది.

"నేను పొయ్యేసరికి పాణముంది గని మాట వడిపోయింది. ముందటి రోజు పొద్దుమీకిందాక నన్నే పిలిశిందట. నా మొకం జూసి పెదవులు గదిపింది. ఏం జెప్పాలనుకున్నదో ఏమో. మూడొద్దులు గట్లనే ఉండి పోయింది."

ఒకామె నా వైపు చూస్తూ అంది: "తలుపు గొడితే ఏంబోయేది? లోపట సదువచ్చిన మనిషుండె గదా."

అక్క కళ్ళు తుడుచుకుంటూనే కయ్యిమంది. "నీ మొగడైతే గట్లనే లేపుతవా? నిద్ర లేక బాయిల ఏమన్నయితే ఎవలు తెచ్చిస్తరు? పాపం దాన్నెందుకంటవ్!"

ఆ మాట నాకు దెబ్బ కంటే ఎక్కువ తగిలింది. ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పేశాను. ఆయన చాలాసేపు కాళ్ళు కడుక్కుంటూనే ఉన్నాడు.

"చెప్పకు," అన్నాడు చివరికి. "ఇప్పుడామె దేవుడు జేశిండనుకుంటున్నది. నువ్వు జెప్తే మనిషి జేశిందయితది. నీకు తేలికయితది, ఆమెకు బరువయితది."

ఆయన చెప్పింది నిజమో, నాకు అనుకూలంగా ఉండడం వల్ల నిజమనిపించిందో ఇప్పటికీ తేల్చుకోలేను. ఊరుకున్నాను. తువ్వాల మాత్రం నిజంగా నైట్ డ్యూటీ ఉన్నప్పుడే కట్టాను. అక్క వస్తే మధ్యలో లేవకుండా విన్నాను. అయితే ఇదివరకులా ఆమె మాట్లాడేది కాదు. గడప మీద కూర్చుని ఊరికే రోడ్డు చూసేది.

వానాకాలంలో ఒకరోజు కొత్త కార్డు పట్టుకుని వచ్చింది.

"మా అన్నకు రాసిపెట్టు చెల్లే. నా తోని మాట్లాడుత లేడు. ఉత్తరమందినా తెల్లారిందాక రాలేదు, అవ్వకన్న నీకు నీ ఇల్లే ఎక్కువయిందని అందరి ముంగట అన్నడు."

ఈ సంగతి నాకు తెలియదు. నాలుగు నెలల నుంచి ఆ నింద ఆమె మోస్తోంది. నేను కార్డు తీసుకున్నాను. ఆమె చెప్పింది.

"రాయి. అన్నా, నాకు సదువు రాదు. సదివే చెల్లె మొగడు నైట్ డ్యూటీ జేసి పండుకున్నడు. అందుకే తలుపు గొట్టలేదు."

"నాకు సదువు రాదు" వరకు రాశాను. తర్వాత చెయ్యి కదల్లేదు. ఏం రాసినా ఆమెకు తెలియదు, నేను రాసిందే నమ్ముతుంది. ఆ అబద్ధాన్ని నా చేత్తో రాసి, ఆమె పేరు పెట్టి పంపాలి. అది నావల్ల కాలేదు.

"అక్కా, ఆయన ఆ రోజు ఇంట్ల లేడు," అన్నాను. "మొదటి షిఫ్టు. తువ్వాల ఊకెనే కట్టిన."

"ఎందుకు?"

"నువ్వు రావొద్దని."

ఆమె గడప మీంచి లేచింది. ఒక్కటే అడిగింది. "నేను బయట కూసున్నది నీకు తెల్సా?"

నిద్రపోయానని చెప్పొచ్చు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"తెల్సక్కా."

కార్డు నా చేతిలోంచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె మూడు రోజులు రాలేదు. ఆ రోజుల్లో నన్ను నేను చూసుకున్నాను. ఎవరితో గొడవ పడను కాబట్టి మంచిదాన్నని అనుకునేదాన్ని. నిజానికి "ఇప్పుడు పనుందక్కా, రేపు రా" అని ముఖం మీద చెప్పే ధైర్యం లేనిదాన్ని. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆమె ఏమీ అనుకునేది కాదు. మాట ఆపని మనిషి నిద్రపోయేవాడి కోసం నాలుగు గంటలు నోరు మూసుకుని ఎండలో కూర్చుంది. నాకు గంటసేపు వినే ఓపిక లేకపోయింది.

మూడో రోజు అక్క వచ్చి అదే కార్డు నా ముందు పెట్టింది. కూర్చోలేదు.

"మిగిలింది రాయి. నువ్వు నాకు జెప్పింది రాయి. నా పేరు మీద గాదు, నీ పేరు మీద."

రాశాను. చోటు చాలక అంచుల వెంట చిన్న అక్షరాలతో తిప్పి రాశాను. రాసింది చదివి వినిపిస్తే తల ఊపింది. పోస్టు డబ్బాలో ఆమే వేసింది.

రెండు వారాలకు జవాబు వచ్చింది. అక్క తెచ్చి నాకే ఇచ్చింది. పెద్దగా చదవడం మొదలుపెట్టాను. చెల్లెల్ని అనవసరంగా అన్నానని, పండక్కి ఇంటిల్లిపాది రావాలని వాళ్ళన్న రాశాడు. కింద ఇంకా ఉంది. అది కంటపడినా ఆపలేదు. "ఆ రాసినామె మనిషి కాదు. మళ్ళీ ఆమె గడప తొక్కకు. ఆమె చేతి నీళ్ళు కూడా తాగకు."

చదవడం అయ్యాక కార్డు ఆమె చేతికివ్వబోయాను. అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వుతూనే ఏడుస్తోంది.

"ఓసి నీ... గది గూడ సదివినవా! బడి పిలగానితోని ముందే సదివిచ్చుకున్న, ఇడిశిపెడ్తవనుకున్ననే!"

"రాసింది సదవాలె గదక్కా."

"సదవాలె," అంది. తర్వాత మా గడప మీద కూలబడి, "దూప అయితుంది, నీళ్ళు తే," అంది. చెంబు ఎత్తి గటగటా తాగింది. మూతి తుడుచుకుని, వాళ్ళవ్వ ఒకసారి తిరునాళ్ళలో గాజులవాడితో బేరమాడిన ముచ్చట మొదలుపెట్టింది. సైరన్ మోగినా అది అయిపోలేదు. నేను మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు.

ఉన్నదున్నట్టు రాయాలనే చూశాను. అక్షరాలు మాత్రం చాలాచోట్ల తప్పే ఉంటాయి. మీరే సరిచేసుకుని చదువుకుని, నన్ను మన్నించండి.