చమురుండగా ఆగిన టాంకీ

మా తోడల్లుడు నూకయ్యది ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో రేకు పని. గార్డులు పట్టుకు తిరిగే చేతి దీపాలకి, సిగ్నల్ దీపాలకి కిరసనాయిలు టాంకీలు కట్టేవాడు. మంచివాడే గానీ ఆయన గొప్ప ఒక్కటి భరించలేకపోయేవాళ్ళం. "నాను కట్టిన దీపం సమురుండగా ఆరదు" అని రోజుకోసారైనా అనాలి. కూరలో ఉప్పు తగ్గిందని మా వదిన పోలమ్మతో మొదలుపెట్టినా, చివరికి ఆ దీపాల దగ్గరికే వచ్చేవాడు. నిజానికి ఆయన మాటలో అబద్ధం లేదు. అదే నాకు మరీ ఒళ్ళుమంట.

అరవై రెండు జనవరిలో గార్డు లూకా మా క్వార్టర్ల వరసలోకి వచ్చాడు. చేతిలో బొమ్మ విమానం. తేలిక కర్రతో చేసి పైన పల్చటి కాగితం అంటించాడు. ముక్కుకి నిమ్మకాయంత ఇంజను. డ్యూటీ దిగి వచ్చిన పగళ్ళన్నీ రెండేళ్ళపాటు దానికే పోశాడని అందరికీ తెలుసు. కలకత్తా నుంచి తెప్పించిన టాంకీ కారుతోందట, పైగా విమానం కడుపులో పట్టడం లేదట.

"ఇందులో ఇమిడేలా ఒకటి కట్టిపెట్టు మేస్త్రీ. వచ్చే నెల్లో కలకత్తా క్లబ్బువాళ్ళు పోటీ పెడతన్నారు. అయిదు నిమిషాలు గాలిలో ఉండకపోతే లెక్కలోకే తీసుకోరు" అన్నాడు.

"దీపం టాంకీలు కట్టినోడికి ఇదో లెక్కా బావూ" అన్నాడు నూకయ్య.

బిస్కెట్ డబ్బా రేకు కత్తిరించి అగ్గిపెట్టెంత టాంకీ కట్టాడు. పోయడానికొక గొట్టం, గాలికొకటి, ఇంజనుకి చమురు పీల్చే గొట్టం ఒకటి. ఆ మూడోదాని కొస సరిగ్గా అడుగున, నట్టనడుమ పెట్టాడు, దీపంలో వత్తి ఉండే చోటే. నీళ్ళలో ముంచి నోటితో ఊది చూస్తే ఒక్క బుడగ రాలేదు. విమానాన్ని బల్లకి కట్టి, కిరసనాయిలూ ఆముదమూ ఈథరూ కలిపిన చమురు పోసి ఇంజను తిప్పారు. అయిదు నిమిషాలు దాటి ఆడి, చుక్క మిగల్చకుండా తాగి ఆగింది. మా వరసంతా ఆసుపత్రి కంపు కొట్టింది.

మర్నాడు సాలువా దారిలో ఉన్న మైదానానికి పోయాం. ఆ విమానం దాని ఇష్టానికి ఎక్కడికో పోయే రకం కాదు. నడుమ లూకా రెండు సన్నటి తీగలు పట్టుకుని నిలబడితే, అది ఆయన చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది, కాకపోతే బస్సుకన్నా జోరుగా. రెండున్నర నిమిషాలకి ఇంజను దగ్గి ఆగిపోయింది. విమానం నేలకి కొట్టుకుని చక్రం వంకరపోయింది. టాంకీ విప్పి చూస్తే సగం చమురు అలాగే ఉంది.

నాకు నవ్వొచ్చింది. నూకయ్య మొహం చూసి ఆపుకున్నాను.

"టాంకీలో సమురుంది. తాగడం రాని ఇంజనుది తప్పు" అన్నాడాయన, పదిమందీ వింటుండగా. లూకా ఇంజను విప్పి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ మాట నాకే బాగాలేదు.

నూకయ్యకీ బాగాలేదనుకుంటాను. ఆ వేళ నుంచి దీపాల గొప్ప ఎత్తలేదు. లూకా దగ్గరికెళ్ళి విమానాన్ని మళ్ళీ బల్లకి కట్టించి చూశాడు. మళ్ళీ అయిదు నిమిషాలు, మళ్ళీ చుక్క మిగల్లేదు. "బల్ల మీద తాగినాది గాలిలో ఎందుకు తాగదు?" అని మా వదినని అడిగాడు. ఆవిడ అన్నం తినమంది. నన్నడిగాడు. నేను గూడ్స్ షెడ్డులో బస్తాలు రాసుకునేవాణ్ణి, నాకేం తెలుసు?

ఆ వారమే బాలాసోర్‌లో పెళ్ళికి ఇద్దరం పాసింజరెక్కాం. దారిలో ఒక వంపు మీద సిగ్నల్ లేక బండి ఆగింది. నూకయ్య చేతిలో మట్టి కప్పు, అందులో టీ ఒక పక్కకి ఒరిగి ఉంది. ఆయన తాగడం మానేసి దాన్నే చూశాడు. పెళ్ళిలో ఏం తిన్నాడో ఆయనకే తెలీదు. వచ్చేటప్పుడు కావాలని టీ కొని, తాగకుండా ఆ వంపు కోసం కాచుకున్నాడు. ఈసారి బండి ఆగలేదు, జోరుగా పోయింది. టీ మాత్రం అంచులకి సమానంగా, కదలకుండా ఉంది.

"ఆగినప్పుడు ఒరిగింది, పరిగెడితే నిలబడింది. తిరగబడి ఉంది కాదేటి?" అన్నాడు.

ఎదుటి బెంచీలో పట్టాలు చూసే గ్యాంగుమన్ అప్పలస్వామి ఉన్నాడు. ఆయన నవ్వాడు. "వంపులో బయటి పట్టా మేం ఎత్తు పెడతాం నూకయ్యా. బండి జోరుమీదుంటే బరువంతా బయటికి తోస్తాది. ఆ తోపుకీ ఈ ఎత్తుకీ సరిపోతాది. ఆగితే తోపుండదు, ఎత్తొక్కటే మిగులుతాది. అందుకే ఒరుగుతాది."

ఖరగ్‌పూర్ దాకా నూకయ్య ఆ కప్పునే చూస్తూ కూర్చున్నాడు. ప్లాట్‌ఫారం మీద నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "తోడల్లుడా, లూకా బాబు ఇమానానికి బయటి పట్టా ఎవుడెత్తినాడు?"

నాకు అర్థమవడానికి ఓ నిమిషం పట్టింది. గుండ్రంగా తిరుగుతున్నంతసేపూ చమురంతా బయటి గోడకి పోయి నిలబడుతోంది. సగం అయ్యేసరికి నడుమనున్న గొట్టం గాలి పీలుస్తోంది.

పెళ్ళి సంచీతోనే లూకా ఇంటికి పోయాడు. "ఇమానం ఏ పక్కకి తిరుగుతాది బావూ?" అనడిగాడు. ఎప్పుడూ ఎడమకేనని లూకా చెప్పాడు. రెండు రోజుల్లో కొత్త టాంకీ తయారైంది. బయటికుండే కుడివైపు గోడ మొనలా సన్నబడి, ఆ మూలకి గొట్టం కొస. లూకా దాన్ని తిప్పి తిప్పి చూసి, తనే విమానంలో అమర్చుకున్నాడు. తప్పెవరిదో ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు.

పోటీనాడు విమానం అయిదు నిమిషాల పన్నెండు సెకన్లు తిరిగింది. దిగాక నూకయ్య టాంకీ తీసి అరచేతిలో బోర్లించాడు. తడి తప్ప ఏమీ లేదు. జనం చప్పట్లు కొడుతుంటే ఆయన మైదానం అంచుకి పోయి నిలబడ్డాడు. ఎవరైనా మొదటిసారి ఎందుకాగిందని అడిగితే లూకా నవ్వి, "ఇంజను కొత్తది కదా" అనేవాడు. ఆ మాట వినపడ్డప్పుడల్లా నూకయ్య వేరే పని చూసుకునేవాడు.

డెబ్భై ఒకటిలో నూకయ్య రిటైరయ్యాడు. వర్క్‌షాపులోనే సెండాఫ్ పెట్టారు. దండ వేసి, "నూకయ్య కట్టిన దీపం చమురుండగా ఒక్కటీ ఆరలేదు" అన్నాడు ఫోర్‌మన్. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక ఈయన్ని పట్టుకోలేమనుకున్నాను.

నూకయ్య లేచాడు. "ఒకటి ఆగింది బావూ" అన్నాడు. సంచీలోంచి అగ్గిపెట్టెంత రేకు టాంకీ తీశాడు. మొదటిది. అటకమీద దాచాడని మా వదినకి కూడా తెలీదు. "లూకా బాబూ, తొమ్మిదేళ్ళయింది. పదిమందిలో నీ ఇంజనుది తప్పన్నాను. తప్పు ఈ గొట్టానిది. దీపమనుకుని నడుమెట్టినాను. రైల్వేలో అన్నేళ్ళు పనిచేసీ వంపు సంగతి తెలుసుకోలేదు."

లూకా వెనక వరసలోంచి ముందుకొచ్చాడు. టాంకీ తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"రెండోది బిగించిన్నాడే తెలుసు మేస్త్రీ. గొట్టం చోటు మారింది కదా."

"మరి అడగలేదేటి?"

"నువ్వే చెప్తావని చూశాను."

నూకయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్ళు ఆయన్ని ఆటపట్టించాను గానీ, ఆ పూట ఆయన నా తోడల్లుడని చెప్పుకోవడానికి నాకు గర్వంగా అనిపించింది. లూకా ఆ టాంకీని జేబులో వేసుకుని, ఇది నా దగ్గరుంటుందన్నాడు. తరవాత అందరికీ మిఠాయి పంచారు.