మంచె మీద గ్లాసు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, ‘రేపమ్మ’ అన్నవాళ్లు ఎక్కువ. ఏ పని చెప్పినా ముందు నా నోట వచ్చే మాట ‘రేపు’. హోంవర్కు రేపు, తలంటు రేపు. మామిడిపండు తినడం ఒక్కటే అప్పటికప్పుడు అయిపోయేది లెండి.

ముసునూరు దగ్గర మా ఇంటి వెనకే తాతయ్య రసాల తోట. అందులో ఓ మూల ఒకే ఒక్క టెంకచెట్టు ఉండేది, తాతయ్య వాళ్లమ్మ పాతిన టెంక నుంచి మొలిచింది. దాని కాయకి పేరు లేదు. పిడికెడంత ఉండేది కానీ, పండితే ఆ వాసన వీధిలోకి వచ్చేది. ఒక ఏడు ఆ చెట్టుకి కాండం తొలిచే పురుగు పట్టి సగం కొమ్మలు ఎండిపోయాయి. దాని టెంక పాతినా అదే పండు వస్తుందన్న నమ్మకం లేదు, అంటు కట్టాల్సిందే. అందుకని తాతయ్య పచ్చగా ఉన్న రెండు కొమ్మల దగ్గర చిన్న మంచె వేసి, దానిమీద రెండు కుండీల్లో మామిడి మొక్కలు పెట్టి, ఒక్కో మొక్కని ఒక్కో కొమ్మకి కలిపి కట్టాడు.

వానలు ముఖం చాటేసిన ఏడు అది. “నాకు మోకాళ్ల నొప్పులు, నువ్వే చెరో చెంబుడు నీళ్లు పొయ్యాలమ్మా” అన్నాడు తాతయ్య. నాలుగు రోజులు బుద్ధిగా పోశాను. ఆ తర్వాత షరా మామూలే. సాయంత్రం చూద్దాంలే, రేపు రెండు చెంబులు పోస్తే సరి అనుకుంటూ వారం దాటించేశాను. శనివారం గుర్తొచ్చి, బకెట్టుతో తెచ్చి కుమ్మరించి చేతులు దులుపుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి రాగానే తాతయ్య చెట్టు దగ్గరికి వెళ్లాడు. ఒక కుండీలో మొక్క మాడిపోయి ఉంది. గోటితో బెరడు గీకి చూశాడు, పచ్చదనం లేదు. ఆ కొమ్మకి మళ్లీ కట్టడానికి అదను కూడా దాటిపోయింది.

“నిన్న బకెట్టుడు పోశాను తాతయ్యా” అన్నాను.

“వారం రోజుల అన్నం ఒక్కపూటే పెడితే తినగలవా నువ్వు?” అన్నాడు. తిట్టినా బాగుండేది. కండువాతో కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పాలు తాగడానికి చూస్తే నా గ్లాసు కనిపించలేదు. ఇంకో గ్లాసు ముట్టని పెంకిఘటాన్ని నేను. “మంచె మీదుంది, వెళ్లి తెచ్చుకో. ఎలాగూ వెళ్తున్నావుగా, చెంబుడు నీళ్లు పట్టుకెళ్లు” అన్నాడు తాతయ్య, పేపరులోంచి తల ఎత్తకుండానే. ఉక్రోషంగా వెళ్లి, మిగిలిన మొక్కకి నీళ్లు పోసి, గ్లాసు తెచ్చుకున్నాను. మరుసటి రోజూ అంతే. రోజూ చీకటి పడేలోపు గ్లాసు మాయమయ్యేది, పొద్దున్నే మంచె మీద ఉండేది. మొదట్లో గ్లాసు కోసమే వెళ్లాను. రానురాను కట్టు అతుక్కుంటోందా లేదా అని చూడందే నాకు తోచేది కాదు. మూడు నెలలకి అంటు అతికింది. తాతయ్య దాన్ని తల్లిచెట్టు నుంచి కోసి, కుండీని నా చేతుల్లో పెట్టాడు. మరుసటి వేసవికి చెట్టు పూర్తిగా ఎండిపోయింది.

చాలా ఏళ్లు దీన్ని నవ్వుతూ అందరికీ చెప్పేదాన్ని. నేను టీచరునయ్యాక ఒకరోజు, ఓ పిల్ల సగంలో వదిలేసిన లెక్కని నేనే పూర్తి చేసి ఇవ్వబోతుంటే హఠాత్తుగా తట్టింది. తాతయ్య ఆ మోకాళ్లతోనే రోజూ సాయంత్రం చెట్టు దాకా నడిచి గ్లాసు పెట్టి వచ్చాడు కదా, ఆ చేత్తోనే చెంబుడు నీళ్లు పోసి రావచ్చు కదా! కావాలనే పోయలేదు. వాళ్లమ్మ చెట్టులో మిగిలిన ఆ ఒక్క మొక్కనీ, అప్పటికే ఒకదాన్ని చంపిన నా చేతికే మళ్లీ అప్పగించాడు. పెన్సిలు ఆ పిల్ల చేతికే ఇచ్చేసి పక్కన కూర్చున్నాను.

డెబ్బై దాటినా నా బద్ధకం పూర్తిగా పోలేదు. పని ముందేసుకుని కూలబడినప్పుడల్లా, అంత నష్టం చేశాక కూడా నన్ను నమ్మిన మనిషి గుర్తొస్తాడు. ఇక కూర్చోబుద్ధి కాదు, లేచి ఆ పని మొదలుపెడతాను.