మోగని అలారం

బర్మాలో అహ్లోన్ రేవు దగ్గర చేపలు గడ్డకట్టించే ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ సూపర్‌వైజరుగా ఉండేదాన్ని. చలిగదులకు అమోనియా వాడేవాళ్లం. అది లీకైతే మోగాల్సిన అలారం ఆ వర్షాకాలంలో ఒక్కసారీ మోగలేదు. చేపలు కోసే ఆడవాళ్లు మాత్రం కళ్లు మండుతున్నాయంటూనే ఉన్నారు. అదంతా చేపల నీచు వల్లేనని, మేమంతా మర్యాదగా 'సయా' అని పిలిచే మేనేజరు కొట్టిపారేసేవాడు. నాకు అనుమానం తీరలేదు. తనిఖీకి అధికారులు వస్తారనగా, అమోనియా నీళ్లలో గుడ్డ తడిపి అలారం పెట్టె దగ్గర పట్టాను. చప్పుడు లేదు.

"ఏటి మావా, దీన్నేటి చేసినారు?" అని మా తెలుగు మెకానిక్‌ని నిలదీశాను.

ఆయన తల దించుకున్నాడు. "మాటిమాటికీ మోగి పని ఆగిపోతందని మేనేజరు సయా వైరు తీసీమన్నాడమ్మా."

"ఇప్పుడే కలిపీ. మాటొత్తే నా మీద ఎట్టీ."

వైరు కలిపిన మరుక్షణం అది చెవులు పగిలేలా మోగింది. అరిచి అందరినీ బయటికి పంపాను. చేపలు కోసే గది పైనే వాల్వు నుంచి గ్యాసు కారుతోంది. మేనేజరు పరుగున వచ్చి బర్మీస్‌లో నా మీద విరుచుకుపడ్డాడు, పనివాళ్లను వెంటనే లోపలికి రమ్మన్నాడు. వాల్వు మార్చేదాకా, ఎదురుగా టీకొట్టు ముందు నిలబడ్డ ఆడవాళ్లలో ఒక్కరూ కదల్లేదు.