తుపాకుల పడవ అడుగు రేకులు

తోట్లవల్లూరు అవతల ఒక లంక ఊళ్లో పాత యుద్ధపు పడవను ముక్కలు చేస్తున్నారని మా బావ ఫోన్ చేశాడు. నదుల్లో తిరిగేందుకు ఇనుప కవచం తొడిగి కట్టిన పందొమ్మిదో శతాబ్దపు పడవల గురించి చదవడమే గానీ, ఒక్కటీ చూడలేదు. మర్నాడు పొద్దున్నే విజయవాడలో బస్సెక్కి కంకిపాడులో దిగాను. అక్కణ్ణుంచి ఏటిగట్టుదాకా ఆటోకు మూడు వందలు. తగ్గించమంటే, వచ్చేటప్పుడు ఖాళీగా రావాలి కదండీ అన్నాడు డ్రైవరు.

రేవు దాటించిన నాగేశ్వరరావు గారు దారిలో ఆ పడవ సంగతంతా చెప్పారు. వాళ్ల తాత చెప్పగా విన్నదట. ఎక్కడో పరాయి ఏటిలో యుద్ధం చేసి, ఫిరంగులు తీసేశాక ఇటొచ్చింది. కాలవల్లో బియ్యం, సున్నం మోసింది. ఇంజను పాడయ్యాక, ఏరు గట్టును కోస్తున్న మలుపులో మట్టి నింపి ముంచేశారు. అప్పట్నుంచి దాని పని ప్రవాహానికి అడ్డం పడి ఉండడమే. ఊరంతా దాన్ని తుపాకుల పడవ అంటారు.

మేం చేరేసరికి పైభాగం లేదు. గ్యాస్ కట్టర్లతో నలుగురు ఏటివైపు మందపు రేకులు కోస్తున్నారు. గుడి మండపం కోసం ఊరి పెద్దలు దాన్ని పాత ఇనుముకు అమ్మేశారు. దాని వెనకే నాగేశ్వరరావు గారి పసుపు చేను, అరెకరం. దుక్కి అయింది. విత్తనపు కొమ్ములు పాకలో ఆకుల కింద ఉన్నాయి. ఆయన భార్య మంగమ్మ గారు కోతమేస్త్రి దగ్గర నిలబడి ఉన్నారు.

"అడుగు వదిలెయ్యి బాబూ. నీళ్లలో ఉన్నది నీకెందుకు?"

"బరువంతా అడుగులోనే ఉంది పిన్నిగారూ. అమ్మింది మీవాళ్లేగా. అమ్ముదామంటే బాబాయిగారు కూడా చెయ్యెత్తారంట."

దేవుడి పనికి కాదంటే ఎట్టా అని నాగేశ్వరరావు గారు గొణిగారు.

"అయితే దేవుడే వచ్చి గట్టుకు అడ్డం పడుకుంటాళ్లే," అందామె.

మధ్యాహ్నానికి అడుగు రేకు ఒకటి లేచింది. లోపలి మట్టి జారి ఏట్లో కలిసింది. ఆ వెంటే చేను అంచు రెండు బారల మేర విరిగి పడింది. మంగమ్మ గారు పాకలోకి వెళ్లి, విత్తనపు కొమ్ములు బుట్టలతో తెచ్చి కాగులో పోశారు. ఉడికించిన పసుపు ఎండబెట్టి అమ్ముకోవడానికే, ఇక మొలవదు. ఒక బుట్టన్నా ఉంచమన్నారు ఆయన.

"ఎక్కడ నాటతావు?" అని పొయ్యి ముట్టించిందామె.

ఆ పడవ యుద్ధం చేసింది కొన్నాళ్లే అయి ఉంటుంది. గట్టు కాసింది మూడు తరాలు. దాని కథ చెప్పుకోవడానికి ఊళ్లో అందరికీ ఇష్టమే, అయినా అమ్మేటప్పుడు ఎవరూ వద్దనలేదు.

వెళ్లాలనుకునేవారు వరదలకు ముందే వెళ్లండి. రేవు దిగాక లోపలి బాటనే నడవండి. గట్టు అంచున నిలబడకండి.