శుక్రవారం బ్యాచ్

ఎనభైల్లో టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉన్నప్పుడు మా ఇంట్లో సైంటిస్టు మా ఆవిడ. నేను ఆవిణ్ణి ల్యాబ్ దగ్గర దింపి నా ఆఫీసుకి పోయే డ్రైవర్ని. లిథియం బ్యాటరీలో ఉండే ద్రవం కారితే అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి, దాన్ని ప్లాస్టిక్‌లో ఇంకించి, కారకుండా మెత్తని పొరలా చేయడం ఆవిడ పని. అటు నీళ్లూ కాదు, ఇటు గట్టిదీ కాదు. "పెళ్లిచూపుల్లో నువ్విచ్చిన జవాబులా ఉందే" అనేవాణ్ణి.

లిథియానికి తడి పడదు. అందుకే గాలిలో చెమ్మంతా లాగేసిన ఒక పొడి గదిలో ఆ బ్యాటరీ సెల్స్ తయారు చేసేవారు. ఆ వేసవిలో వింత మొదలైంది. వారమంతా బాగానే వచ్చేవి, శుక్రవారం చేసినవి మాత్రం సాయంత్రానికి ఉబ్బిపోయేవి. మా ఆవిడ తలుపు రబ్బర్లు మార్పించింది, రసాయనాలు మార్చింది, గ్లవ్స్ మార్చింది. ఈ నెలాఖరుకి అన్ని రోజులూ ఒకేలా రాకపోతే ప్రాజెక్ట్ క్లోజ్ చేస్తామని బాస్ చెప్పేశాడు. మా ఆవిడకి అన్నం సహించడం లేదు. "శుక్రవారం కదా, అమ్మవారికి నీ బ్యాటరీ నచ్చలేదేమో" అన్నాను. ఆ పూట నాకు కాఫీ దక్కలేదు.

అప్పుడు మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. పగలంతా అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా టీవీతో తెలుగులో పోట్లాడడమే ఆవిడ కాలక్షేపం. ఆవిడ ఎదురుచూసేదల్లా శుక్రవారం పొద్దుటి కోసం. ఆ పొద్దున కూతురికి నూనె పెట్టి, సూట్‌కేసులో మోసుకొచ్చిన కుంకుడుకాయలతో తలంటు పోసి, నడుం దాటే ఆ జుట్టుని జడ అల్లి పంపేవారు.

ఒక శుక్రవారం ల్యాబ్ ముందు మా ఆవిడ కార్ దిగగానే, "నీ జడ నా సీటంతా తడిపేసింది, బిల్లు పంపిస్తా" అన్నాను. ఆవిడ నవ్వలేదు. జడ చివర పట్టుకుని పిండి చూసుకుంది. నీళ్లు కారాయి. ల్యాబ్ టోపీ కింద దాచినంత మాత్రాన ఆ తడి పొడి గది గాలిలో కలవకుండా ఉంటుందా?

"ఏమండీ, శుక్రవారాలు పాడుచేస్తున్నది నేనేనండీ" అంది.

అమ్మతో చెప్పడానికి మాత్రం నోరు రాక, ఆ పని నాకు అంటగట్టింది. నేను నసుగుతూ చెప్పాను.

"ఓస్, ఇంతేనా అల్లుడుగారూ! ఆదివారం పోస్తే అమ్మవారు తలుపేసుకుంటుందా?" అని అత్తగారు నవ్వేశారు. నేను నమ్మేశాను.

మరుసటి శుక్రవారం మా ఆవిడ పొడి జడతో వెళ్లింది. ఒక్క సెల్ కూడా ఉబ్బలేదు. ప్రాజెక్ట్ నిలబడింది. ఇంటికొచ్చి చెబితే అత్తగారు సంతోషించారు, ఆ వెంటనే ఏడ్చారు.

"అయితే ఇన్నాళ్లూ నీ పని చెడగొట్టింది నేనేనన్నమాట."

మా ఆవిడ జడ విప్పుకుంటూ బాత్రూంలోకి నడిచింది.

"రామ్మా, తలంటు పొయ్యి. రేపు ల్యాబ్ లేదు."

"పొద్దుగూకాక తలంటేమిటే?"

"పొద్దెక్కడ గూకిందమ్మా? చూడు!"

టెక్సాస్ వేసవి సాయంత్రం. కిటికీ నిండా ఇంకా ఎండే. అత్తగారు కాసేపు ఆ ఎండకేసి చూశారు. కొంగుతో కళ్లు తుడుచుకుని, స్టవ్ మీద నీళ్లు పెట్టమని నాకు పురమాయించారు.